సమాధి మీద భోజనం

ఆగస్టు 19న, ఒబినిత్సా స్మశానంలో నన్ను భోజనానికి కూర్చోమన్నారు. తార్తులో నాతో పనిచేసే స్నేహితురాలి కుటుంబం అది. ఒక నిమిషం నాకు కాళ్ళు కదల్లేదు. స్మశానం నుంచి వస్తే స్నానం చేయందే గడప దాటని ఇంట్లో పెరిగాను. ఇక్కడేమో సమాధి మీదే బట్ట పరిచి రొట్టె, ఉడికించిన గుడ్లు, షాజీరా లాంటి గింజలు వేసిన సోయిర్ అనే చీజ్ సర్దుతున్నారు.

ఒబినిత్సా ఎస్తోనియా ఆగ్నేయ మూలన, రష్యా సరిహద్దు పక్కన ఉండే చిన్న ఊరు. ఇది సెతోల ప్రాంతం. వాళ్ళది ఆర్థడాక్స్ క్రైస్తవం. వాళ్ళ బృందగానం ‘లేలో’ను 2009లో యునెస్కో గుర్తించింది. ఈ పండగనాడు చర్చిలో ప్రార్థన అయ్యాక ఎవరి సమాధుల దగ్గరికి వాళ్ళు వెళ్తారు. పోయినవాళ్ళకి కాస్త తీసిపెట్టి, తిని, కబుర్లు చెప్పుకుంటారు.

సెతోల పట్టణం పెత్సెరి 1920 తార్తు ఒప్పందంతో ఎస్తోనియాకి వచ్చింది. 1944లో సోవియట్ ప్రభుత్వం దాన్ని రష్యా రిపబ్లిక్‌లో కలిపింది. అప్పటికది ఒకే దేశం లోపలి గీత. 1991 తర్వాత అదే రెండు దేశాల మధ్య సరిహద్దయింది. అమ్మ సమాధి అవతలుంటే, ఆమె దగ్గర కూర్చుని తినడానికి వీసా కావాలి.

మా పక్కన కూర్చున్న పెద్దావిడ అమ్మానాన్నల సమాధులు అవతలే ఉన్నాయని స్నేహితురాలు చెప్పింది. ఆవిడ తన పళ్ళెంలోంచి రెండు ముక్కలు తీసి పక్కన పెట్టింది.

వెళ్ళనివ్వకపోతే వెళ్ళాల్సిన బాధ్యత రద్దవుతుందా? చేయలేని పనికి ఎవరూ బాధ్యులు కారని నీతిశాస్త్రంలో ఒక పాత వాదం ఉంది. నేనూ అదే నమ్మేవాణ్ణి. ఆ రెండు ముక్కలు చూశాక అది సగమే నిజమనిపించింది. వెళ్ళలేకపోవడం ఆవిడ తప్పు కాదు. తప్పు లేనంత మాత్రాన బాకీ తీరిపోదు. తీర్చలేని బాకీని కూడా గుర్తుపెట్టుకోవచ్చు.

మా నాన్న సంవత్సరీకానికి నేను ఇంటికి వెళ్ళలేదు. సెలవు దొరకలేదని అమ్మతో చెప్పాను. నిజానికి సెలవు అడగనేలేదు. టికెట్ ధర చూసి, తమ్ముడున్నాడుగా అనుకున్నాను. నన్ను ఏ కంచె ఆపలేదు. చేయలేకపోయానని చెప్పుకోవడానికి నేనే ఒకటి కట్టుకున్నాను.

పెద్దావిడ గుడ్డు ఒలిచి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, వచ్చే ఏడు తిథి ఎప్పుడొస్తుందని అడిగాను. చెప్పింది. వస్తానని మాత్రం ఇంకా అనలేదు.