ఆచార్యుడి స్వాధ్యాయం

జ్ఞానం ఒకరి నుంచి మరొకరికి చేరుతుందా, చేరితే ఏ దారిన చేరుతుంది అన్నది దర్శనాలన్నీ ఏదో ఒకచోట ఎదుర్కొన్న ప్రశ్న. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి దగ్గర ఈ ప్రశ్న రెండుసార్లు తలెత్తుతుంది. ఒకటో తరగతి పిల్లకు ఆయన అక్షరం నేర్పాలి. అక్షరం ఎలా నేర్పాలో ఆయనకు మరొకరు నేర్పాలి. పిల్ల విషయంలో ఒప్పుకున్న సత్యం ఉపాధ్యాయుడి విషయంలోనూ నిలబడాలి. వింటే చాలదు, చేసి చూడాలి, తప్పు చేసి దిద్దుకోవాలి అన్న మాటను నలభై మంది ఉపాధ్యాయుల్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీల్లో కూర్చోబెట్టి వినిపిస్తే చెప్పిన మాటకూ చేసిన పనికీ పొంతన ఉండదు. ఉపాధ్యాయ శిక్షణ మీద వచ్చే విమర్శల్లో చాలావాటికి మూలం ఈ పొంతన లేకపోవడమే.

మొదట అడిగిన ప్రశ్నకు ఒక పాత జవాబు తైత్తిరీయోపనిషత్తులో ఉంది. అందులో మొదటి భాగం పేరు శీక్షావల్లి. తెలుగులో శిక్ష అంటే దండన అన్న అర్థం స్థిరపడిపోయింది కానీ, అక్కడ ఆ మాటకు ఉచ్చారణ శాస్త్రమని అర్థం: అక్షరం, స్వరం, మాత్ర, బలం. అలా పలకడం దగ్గర మొదలైన గ్రంథం వెంటనే అక్షరాల కలయికను తీసుకుని లోకంలోని ఎన్నో జంటలకు అన్వయిస్తుంది. అందులో ఒక జంట ఆచార్యుడు, శిష్యుడు. ఆచార్యుడు మొదటి అక్షరం లాంటివాడు, శిష్యుడు తరువాతి అక్షరం లాంటివాడు, ఆ ఇద్దరి కూడలి విద్య, వారిని కూర్చేది ప్రవచనం. ఈ పోలికలో విద్య ఆచార్యుడి లోపల దాచిన సొత్తుగా కనిపించదు. దాని చోటు ఇద్దరి నడుమ. తెలుగు బడిలో సంధులు చదివినవారు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోవచ్చు. మహా, ఇంద్రుడు కలిస్తే మహేంద్రుడు అవుతుంది. ఆకారమూ మిగలదు, ఇకారమూ మిగలదు, రెంటి చోటా ఏకారం నిలుస్తుంది. ఉపనిషత్తు ఇంత దూరం చెప్పలేదు, ఇది చదువరి పొడిగింపు. అయినా పాఠం బాగా సాగిన రోజున ఉపాధ్యాయుడు కూడా కొంత మారి ఇంటికి వెళతాడన్న అనుభవానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

అదే వల్లి తొమ్మిదో అనువాకం ఈ విషయానికి ఇంకా దగ్గరిది. ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నికార్యం, అతిథి సేవ అంటూ గృహస్థు చేయవలసినవి పన్నెండు చెప్పి, ప్రతిదాని పక్కనా స్వాధ్యాయ ప్రవచనాలను విడవకుండా నిలుపుతుంది. తాను చదువుకోవడం స్వాధ్యాయం, ఇతరులకు చెప్పడం ప్రవచనం. చివర మూడు అభిప్రాయాలు వస్తాయి. ఒకరు సత్యమే ప్రధానమన్నారు, ఒకరు తపస్సే ప్రధానమన్నారు. నాక మౌద్గల్యుడు స్వాధ్యాయ ప్రవచనాలే ప్రధానమని, అవే తపస్సని అన్నాడు. గమనించవలసింది ఆ రెండు మాటలూ విడివిడిగా రాకపోవడం. చదువుకోవడం ఒక వయసులో ముగిసి, చెప్పడం ఆ తరువాత మొదలయ్యే క్రమం అక్కడ లేదు. డి.ఎడ్. పూర్తిచేసి, డీఎస్సీ రాసి, ఉద్యోగంలో చేరిన నాటితో నేర్చుకోవడం అయిపోయిందని అనుకునే అలవాటుకు ఆ సంప్రదాయంలో ఆధారం దొరకదు.

క్రైస్తవ తత్త్వవేత్త ఆగస్టీన్ క్రీస్తు శకం 389 ప్రాంతంలో రాసిన ‘ఉపాధ్యాయుడు’ అనే సంవాదం ఇదే ప్రశ్నను మరో వైపు నుంచి విప్పుతుంది. తన కొడుకు అడియోడాటస్‌తో మాట్లాడుతూ ఆయన ఒక చిక్కు తెస్తాడు. నడక అంటే ఏమిటని ఒకరు అడిగితే, మాట వాడకుండా చూపడం ఎలా? లేచి నడవవచ్చు. అడిగే సమయానికే నడుస్తూ ఉంటే? ఇంకొంచెం వేగంగా నడుస్తాడు. అప్పుడు అడిగినవాడు వేగాన్నే నడక అనుకోవచ్చు. చూపినంత మాత్రాన చూడవలసింది కనబడుతుందన్న నమ్మకం లేదు. మరి కొంత దూరం వెళ్లాక ఒక వేటగాడు వస్తాడు. పిట్టలు పట్టే సరంజామాతో పోతున్న అతణ్ణి చూసి ఎవడో ఆశ్చర్యంతో వెంట నడుస్తాడు. వేటగాడు ఒక పిట్టను పట్టి చూపిస్తాడు. చూసేవాడికి తెలివి ఉంటే ఒక్క మాటా లేకుండా ఆ విద్య మొత్తం గ్రహిస్తాడు. మాటలు గుర్తుచేస్తాయి, వెతకమని పురికొల్పుతాయి, జ్ఞానాన్ని మాత్రం లోపలి గురువే ఇస్తాడని ఆగస్టీన్ తేల్చాడు. ఆయనకు ఆ లోపలి గురువు క్రీస్తు. ఆ విశ్వాసం లేని పాఠకుడికి కూడా వేటగాడి ఉదాహరణ పనికొస్తుంది. నమూనా పాఠం చూసి వచ్చిన పదిమంది ఉపాధ్యాయుల్లో ఒకరు పిల్లల్ని ప్రశ్న అడిగాక పాటించిన మౌనాన్ని గమనిస్తారు, మరొకరు గోడ మీద చార్టుల్ని మాత్రమే చూస్తారు.

అంతా లోపలే ఉంది, బయటినుంచి ఇచ్చేది ఏమీ లేదన్న మాట బడిలో పూర్తిగా చెల్లదు. ఫలానా రాత రూపాన్ని ‘అ’ అని పలకాలని ఏ పిల్లా తనంతట కనిపెట్టలేదు. అది నలుగురి ఒప్పందం, ఎవరో చెప్పాలి. ఇక్కడ న్యాయ దర్శనం అక్కరకు వస్తుంది. బౌద్ధ తార్కికులు, వైశేషికులు శబ్దాన్ని, అంటే ఒకరి మాట వల్ల తెలియడాన్ని, అనుమానంలో, అంటే తర్కించి తేల్చుకోవడంలో కలిపేస్తే, నైయాయికులు దాన్ని వేరే ప్రమాణంగా, జ్ఞానానికి వేరే సాధనంగా నిలబెట్టారు. అయితే ఎవరి మాట పడితే వారి మాట ప్రమాణం కాదు, ఆప్తుడి మాట కావాలి. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడని న్యాయసూత్రాల మీద వాత్స్యాయనుడి భాష్యం. ఋషికైనా మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒకటేనని కూడా ఆయన అన్నాడు. ఉపాధ్యాయ శిక్షణకు ఇంత కచ్చితమైన కొలబద్ద మరొకటి కనబడదు. అరవై మంది ఉన్న ఒకటో తరగతిని, అయిదు తరగతులకు ఒకే గది ఉన్న బడిని స్వయంగా ఎరగని రిసోర్స్ పర్సన్ (శిక్షణ ఇచ్చేవారు) మాట, ఎంత పాండిత్యం ఉన్నా, ఆ విషయంలో ఆప్తవాక్యం కాదు. పక్క ఊరి టీచరు మాట అవుతుంది.

ఈ ప్రశ్న గ్రంథాల్లోంచి దిగివచ్చి బడి రూపం దాల్చిన చోటు మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో హాలండులోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. సత్యానికి సంస్థలూ గురువులూ దారి వేయలేరన్నది ఆయన వాదం. చదువు విషయంలోనూ ఆయనది అదే పట్టుదల. పద్ధతిని నమ్ముకున్న ఉపాధ్యాయుడు ఎదుట ఉన్న పిల్లను చూడడం మానేస్తాడని, పిల్లతో పాటు తానూ నేర్చుకుంటూ ఉంటేనే ఉపాధ్యాయుడని ఆయన జీవితాంతం చెప్పాడు. ఆయన ప్రేరణతో వెలసిన బడి చుట్టుపక్కల పల్లెల కోసమే పుట్టిన గ్రామీణ విద్యా కేంద్రం నుంచి, దేశంలో ఎక్కువగా అనుసరించిన బోధన పద్ధతుల్లో ఒకటి బయటికి వచ్చింది. పద్ధతిని శంకించిన వాడి నీడలో పద్ధతి పుట్టడం వైరుధ్యంగా కనిపిస్తుంది. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూస్తే వైరుధ్యం చాలావరకు సడలుతుంది.

పల్లె బడి ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు. ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలు అందులోనే. పశువులు మేపడానికో, చేలో పనికో వెళ్లి వారం తరువాత వచ్చే పిల్లలు కొందరు. నల్లబల్ల ముందు నిలబడి అందరికీ ఒకే పాఠం చెప్పడం అక్కడ కుదరదు. 1980ల చివర్లో ఆ కేంద్రం బాధ్యత తీసుకున్న పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, ఒక సంఖ్య. గోడమీద నిచ్చెన లాంటి పటం. పిల్ల వచ్చి తాను ఏ మెట్టు మీద ఉందో నిచ్చెనలో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని, ఆ గుర్తు చెప్పిన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు టీచరు సాయం పూర్తిగా ఉంటుంది, ఒక గుంపులో తోటి పిల్లలే సాయం, ఒక చోట ఎవరికి వారే. పరిచయం, సాధన, మూల్యాంకనం, వెనకబడితే మళ్లీ సాధన, ముందుంటే అదనపు పని. వారం రోజులు రాని పిల్ల తాను ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. ఆ పిల్లకు ‘పాఠం పోయింది’ అన్న మాటే వినబడదు. కార్డు ఇక్కడ ఉపాధ్యాయుణ్ణి ఉపన్యాసం నుంచి విడిపిస్తోంది. ఆయన నేల మీద ఒక గుంపుతో కూర్చుని ఒక్కొక్క పిల్ల ఏం చేస్తోందో చూసే తీరిక సంపాదించుకుంటాడు. కృష్ణమూర్తి అడిగినదీ ఆ చూడడమే.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా నుంచి కొందరు ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు రిషీవ్యాలీకి వచ్చారు. చూసి వెళ్లి, తమ పిల్లల భాషలో, తమ ఊరి పాటలతో, ఆటలతో కార్డులు తామే తయారు చేసుకున్నారు. దానికి ‘నలి-కలి’ అని పేరు పెట్టుకున్నారు, ఆడుతూ పాడుతూ నేర్చుకో అని. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఇదే పద్ధతిని చేపట్టాయి. నాలుగేళ్లలో అది తమిళనాడు అంతటికీ పాకింది. కొన్నేళ్లకు నలి-కలి కూడా కర్ణాటకలోని ప్రభుత్వ బడులన్నింటికీ వెళ్లింది. ఒక రాష్ట్రం పెద్ద ఎత్తున అచ్చు వేసి పంపిన కార్డు, పది మంది టీచర్లు రాత్రి లాంతరు పెట్టుకుని రాసుకున్న కార్డు చూపుకు ఒకేలా ఉంటాయి. రాసుకున్నవారికి ఆ మెట్టు అక్కడ ఎందుకు ఉందో తెలుసు, అందుకే పిల్ల తడబడితే మధ్యలో మరో మెట్టు వేస్తారు. అచ్చు కార్డు అందుకున్నవారికి ఆ కారణం తెలిసే వీలు తక్కువ. కార్డు అయిపోయిందా లేదా అన్నదే లెక్కకు వస్తుంది. విస్తరణ తప్పని చెప్పడానికి లేదు. బడులు వేలల్లో ఉన్నప్పుడు ప్రతి టీచరూ నిచ్చెన కొత్తగా కట్టుకోవాలనడం అన్యాయం. కానీ మెట్లు మార్చే హక్కునూ ఆ మార్పును నలుగురితో చర్చించే వేళనూ కార్డులతో పాటే పంపాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఈ విస్తరణ అనుభవం అంతకు ముందే ఉంది. బ్రిటన్ సాయంతో 1980ల నడుమ ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన ప్రాథమిక విద్యా పథకం ఆప్పెప్ ఆరు బోధనా సూత్రాలు చెప్పింది: ఉపాధ్యాయుడే కృత్యాలు తయారు చేయడం, చేసి తెలుసుకోవడం, వ్యక్తిగతంగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయంగా ఉంచడం. ఆరూ మంచివే. వాటిలో చివరిది అన్నిటికన్నా సులువుగా అమలైంది, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. తీగకు వేలాడిన బొమ్మల్ని తనిఖీ అధికారి లెక్కపెట్టగలడు. పిల్లల మధ్య తేడాను ఉపాధ్యాయుడు గుర్తించాడా లేదా అన్నది లెక్కకు అందదు. ఆ పథకం ఇచ్చిన వాటిలో ఎక్కువ విలువైనవి, చుట్టుపక్కల బడుల వారు కలిసి కూర్చునే ఉపాధ్యాయ కేంద్రాలు. నేటి స్కూల్ కాంప్లెక్స్ మీటింగులను కూడా ఆ ఆశతోనే చూడాలి.

అలాంటి సమావేశంలో చర్చించదగిన విషయం ఎంత చిన్నదైనా కావచ్చు. రెండో తరగతి పిల్లను ‘నూట ఐదు’ రాయమంటే 1005 అని రాస్తుంది. ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టి పక్కన 105 రాస్తే పని అయిపోయినట్టు ఉంటుంది. పిల్ల తర్కంలో మాత్రం లోపం లేదు. నూరు అంటే 100, ఐదు అంటే 5, విన్న వరుసలో రెండూ రాసింది. ఈ తర్కం తెలిసిన టీచరు వంద కార్డు తీసి, దాని చివరి సున్నాను కప్పేలా ఐదు కార్డు పెట్టమంటుంది. సున్నా కిందే ఉందని, కప్పబడిందని పిల్లకు వేలితో తెలుస్తుంది. ఇంగ్లిషు మాధ్యమం వచ్చాక మరో తప్పు తోడైంది. ‘ఫోర్టీన్’ అని చెబితే కొందరు పిల్లలు 41 రాస్తారు. తెలుగులో పద్నాలుగు అంటే పది ముందు, నాలుగు తరువాత. ఇంగ్లిషు మాటలో నాలుగు ముందు వినబడుతుంది. పిల్ల చెవి సరిగ్గానే విన్నది. ఈ తప్పుల వెనక ఉన్న బుద్ధిని వెతకడం ఉపాధ్యాయుడికి స్వాధ్యాయం. దీనికి సిలబస్ పిల్లల నోటుబుక్కుల్లోనే ఉంది.

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంది. యాభై గంటలు తక్కువేమీ కాదు. వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకోవడంతోనూ అవి గడిచిపోతాయి, 1005 రాసిన పాతిక నోటుబుక్కుల్ని బల్లమీద పరుచుకుని ఆరుగురు టీచర్లు కూర్చోవడంతోనూ గడుస్తాయి. తెలియనిది, నలుగురు చెబితే తప్ప తెలియనిది ఎంతో ఉంది కనుక మొదటిదాన్ని తోసిపుచ్చకూడదు. ఆగస్టీన్ చెప్పిన చూపు, వాత్స్యాయనుడు చెప్పిన ఆప్తత మాత్రం రెండోదానిలోనే దొరుకుతాయి. ఏకోపాధ్యాయ పాఠశాల టీచరుకు ఆ బల్ల దగ్గరికి రావడమే కష్టం. ఆమె వస్తే బడి మూతపడుతుంది. ఆ ఒక్క రోజు ఆమె తరగతిని చూసుకునే మరొకరిని పంపడం పరిపాలన చేయవలసిన పని. అది జరగనంతవరకు స్వాధ్యాయం గురించి ఆమెకు ఉపదేశం చేయడం ధర్మం కాదు.

ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారు తమ తప్పుల్ని బయటపెట్టగలగాలి. చదువు ముగించి వెళ్లే శిష్యుడికి చెప్పే మాటల్లో, శీక్షావల్లిలోని ఆచార్యుడు తమ నడవడిలో మంచివి మాత్రమే అనుసరించమని, తక్కినవి వద్దని అంటాడు. తనలో అనుసరించకూడనివి కూడా ఉన్నాయని గురువే ఒప్పుకున్న చోటు అది. రిసోర్స్ పర్సన్ లేచి, కిందటి నెల తన తరగతిలో కుదరని పాఠం గురించి ముందుగా చెబితే, వెనక వరుసలోని టీచరు సంచిలోంచి తన పిల్లల నోటుబుక్కులు బయటికి తీస్తుంది.