పక్క మంచం మీది సోపతి



ఉపాసక, ఉపాసికలారా! బడులు తెరిచే నెల ఇది. ట్రంకు పెట్టె, బకెట్టు, పరుపు చుట్ట పట్టుకుని పిల్లల్ని హాస్టళ్లల్ల దింపడానికి పోయే తల్లిదండ్రులు నర్సంపేట బస్టాండులో మీకూ కనబడే ఉంటారు. వాళ్లలో మన వాడల వాళ్లే ఎక్కువ. మిర్చి ఏరి, పత్తి తీసి కూడబెట్టిన పైసలతో ప్లేటు, గ్లాసు, సబ్బులు కొనిస్తాం. "మంచిగ చదువుకో బిడ్డా" అని తల నిమిరి మళ్లీ బస్సెక్కుతాం. పక్క మంచం మీద పండుకునే పిల్లగాడితో ఎట్లుండాలో మాత్రం ఒక్క మాట చెప్పం. ఈసారి ఆ మాట మాట్లాడుకుందాం.

బాబాసాహెబ్ బడి కథ మీకు తెలుసు. సతారా బడిలో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద అందరికీ దూరంగా కూర్చున్నాడు. సాయంత్రం ఆ పట్టాను మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. దాహమైతే నల్లా ముట్టుకోవద్దు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు, ప్యూను లేకుంటే నీళ్లు లేవు. ప్రతి ఏప్రిల్ 14న మనం ఈ కథ చెప్పుకుంటాం, బాధపడతాం, పంతుళ్లను తిడతాం. తిట్టాల్సిందే. కానీ ఆ గదిలో ఇంకా చాలామంది పిల్లలు ఉన్నరు గదా! వాళ్ల గురించి మనం ఎప్పుడూ అడగం. వాళ్లలో ఒక్కడు తన చోటు విడిచి వచ్చి ఆ గోనెపట్టా అంచున కూర్చుని ఉంటే, ఆ చిన్న భీమ్‌రావుకు ఆ పొద్దు ఎట్లుండేదో!

నేను అడుగుతున్నది ఎందుకంటే, నేను కూడా అట్ల చూస్తూ కూర్చున్నవాణ్నే. ఏడో తరగతిలో మా హాస్టల్లో ఒక పిల్లగాడికి నత్తి. వాడు పేరు చెప్పబోయి ఆగిపోతే గదంతా వాడి లెక్కనే ఆగి ఆగి పలికేది. రాత్రి దుప్పటి గుంజేవాళ్లు, వాడి చెప్పులు బావి గట్టు మీద దాచేవాళ్లు. నేను కొట్టలేదు, దాచలేదు. నవ్విన. ఒకరోజు పొద్దున లేచి చూస్తే వాడి పెట్టె లేదు. మళ్లీ బడికి రాలేదు. ఆ గదిలో పెద్ద కులపోడు ఒక్కడు కూడా లేడు, అందరం మనోళ్లమే. ఈ మాట రాయడానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

మనల్ని ఎక్కిరించినోళ్ల లెక్క మనకు నోటికి వస్తది. మనం ఎక్కిరించినోళ్ల లెక్క ఎవరు రాస్తరు? నల్లగున్న పిల్లను, తండా నుంచి వచ్చి తెలుగు సరిగ్గ రాని పిల్లను, కాలు వంకర ఉన్నోణ్ని, అమ్మ లేనోణ్ని. ఇంకా చెప్పాలంటే, మనలో మనమే ఒక కులం మీద ఒక కులం పెట్టుకున్న పేర్లు. మెట్లు మెట్లుగా ఉన్న ఆ నిచ్చెనను 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో విడిచిపెట్టి వచ్చినమని చెప్పుకుంటాం. మన పిల్లలు దాన్ని హాస్టల్ గదిలో మళ్లీ నిలబెడుతున్నరు. ఇంట్లో మనం వాడిన మాటలే వాళ్లు అక్కడ వాడుతున్నరు.

వినయ పిటకంలో ఒక సంగతి ఉంది. ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకున్నయి. తన మలంలోనే పడి ఉన్నాడు, ఎవరూ దగ్గరికి పోలేదు. బుద్ధుడు ఆనందుణ్ని వెంటబెట్టుకుని అటు వచ్చి చూసినాడు. నీళ్లు తెప్పించినాడు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగినాడు. ఒకరు తల దిక్కు, ఒకరు కాళ్ల దిక్కు పట్టి మంచం మీద పండబెట్టిన్రు. తరువాత మిగతా భిక్షువుల్ని పిలిచి, ఎందుకు చూడలేదని అడిగితే, అతని వల్ల మాకేం ఉపయోగం లేదన్నరు. అప్పుడు బుద్ధుడు చెప్పిందేమిటంటే, మీకు ఇక్కడ అమ్మ లేదు, నాయిన లేడు, ఒకరినొకరు మీరే చూసుకోకపోతే ఇంకెవరు చూస్తరని.

ఈ మాట చదివినప్పుడల్లా నాకు విహారం కనబడదు, హాస్టల్ కనబడతది. అమ్మానాయినలు లేని చోటు అదే గదా!

ఉపాలి కథ కూడా పిల్లలకు చెప్పండి. ఉపాలి మంగలి, శాక్య రాజకుమారుల దగ్గర పని చేసినోడు. ఆనందుడు, అనురుద్ధుడు, భద్దియుడు లాంటి వాళ్లు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు, ముందు ఉపాలికే దీక్ష ఇవ్వమని వాళ్లే బుద్ధుణ్ని అడిగిన్రు. సంఘంలో ముందు చేరినవాడే పెద్ద. అంటే ఇక మీద రాజకుమారులు మంగలికి లేచి నిలబడి దండం పెట్టాలి. మా గర్వం అణగాలంటే ఇదే దారి అన్నరు. ఆ ఉపాలే తరువాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయం అంతా చెప్పినవాడు.

పైనున్నవాడు తనంతట తాను కిందికి దిగితే ఏమైతదో చూసిన్రా! 2007లో కెనడాలోని నోవా స్కోషియాలో ఇట్లాంటిదే జరిగింది. తొమ్మిదో తరగతి పిల్లగాడు గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చిండని కొందరు ఏడిపించిన్రు. పన్నెండో తరగతి పిల్లలు ఇద్దరు విన్నరు. ఉపన్యాసం ఇయ్యలేదు, పోయి యాభై గులాబీ చొక్కాలు కొనుక్కొచ్చి బడిలో పంచిన్రు. ఆ రంగు ఇక ఒక్కడిది కాకుండ పోయింది. సీనియర్లు చేసిన్రు కాబట్టి అది చెల్లింది, ఐదో తరగతి పిల్లలు చేస్తే వాళ్లకూ దెబ్బలు పడేవి.

ఈ మధ్య బడుల్లో "పాజిటివ్‌గా ఉండండి" అని గోడలకు కాగితాలు అంటిస్తున్నరు. నాకు ఆ మాట అంతగా రుచించదు. దెబ్బ తిన్నోణ్నే నవ్వుమన్నట్టు ఉంటది. మైత్రి అంటే ఓర్చుకొమ్మని కాదు. కులం పేరుతో అవమానిస్తే 1989 చట్టం ఉంది. ర్యాగింగ్ మీద 1997 నుంచే చట్టం ఉంది. పిల్లలు 1098కి ఫోన్ చేయొచ్చు. 2023 ఫిబ్రవరిలో మన వరంగల్‌లోనే డాక్టరు పీజీ చదువుతున్న గిరిజన ఆడబిడ్డ పోయింది. సీనియర్ వేధించడమే కారణమని ఇంటివాళ్లు అన్నరు. అంత చదువు దాకా పోయిన బిడ్డ పరిస్థితే అది. పసిపిల్ల ఎవరికి చెప్పుకుంటది? చెప్పుకోవడానికి ముందు పక్కన ఒక మనిషి ఉండాలి.

మైత్రికి మన తెలంగాణలో మంచి మాట ఉంది, సోపతి. మంచి సోపతి ధమ్మజీవనంలో సగమని ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దినాడు.

అందుకే ఇంటికి ఫోన్ వచ్చినప్పుడు మార్కులు అడిగే ముందు, "మీ గదిలో ఒక్కడే తినేటోడు ఎవరు బిడ్డా?" అని అడగండి. మీ బిడ్డే ఎక్కిరిస్తున్నదని సారు చెప్తే, సారు మీదికి కొట్లాటకు పోకండి. బిడ్డను కూర్చోబెట్టి ఉపాలి కథ చెప్పండి. పెద్ద తరగతుల పిల్లలకైతే పని అప్పజెప్పండి, కొత్తగా చేరినోళ్లతో మొదటి వారం కలిసి తినమని.

మేము ఆదివారం వందన అయినంక పిల్లలను ఇదే అడుగుతున్నం. మొదట్ల ఎవరూ నోరు విప్పలేదు. పోయిన వారం ఐదో తరగతి పిల్ల ఒకామె లేచి, తన పక్కన ఎవరూ కూర్చోని ఒక పిల్ల ఉందని, ఆ పిల్ల తలలో పేలున్నయని అందరూ జరుగుతున్నరని చెప్పింది. "మరి నువ్వు?" అన్న. "నేను గూడ జరిగిన సార్" అన్నది, తల వంచుకుని. వాళ్లమ్మ అక్కడే ఉంది, ఏమీ అనలేదు. పోయేటప్పుడు మాత్రం దుకాణంలో పేల దువ్వెన ఒకటి కొని పిల్ల చేతిల పెట్టింది. ఈ ఆదివారం ఆ పిల్ల వస్తే అడగాలి.