పరీక్షల వేళ తీరం పిల్లలు

పదో తరగతి పబ్లిక్ పరీక్ష, అనగా ఆరు సబ్జెక్టులలో 600 మార్కులకు రాష్ట్ర ప్రభుత్వం నిర్వహించే పరీక్ష, దగ్గరపడే కొద్దీ కోనసీమలోని సముద్రతీర మండలమైన ఉప్పలగుప్తంలోనూ పిల్లల కాలమంతా పుస్తకాలకే పరిమితమవుతుంది. అయితే 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కొబ్బరితోటలను నేలకూల్చిన ఈ సీమలో, ఉప్పునీటి బురదలో వేళ్లూని అలల ఉద్ధృతిని తగ్గించే మడచెట్ల గురించి జీవశాస్త్ర పుస్తకంలో చదివితే సరిపోదు. విద్యార్థులే పూనుకొని తీరాన్ని పరిశీలించి, మొక్కలు నాటి, తుపాను హెచ్చరికల అర్థాన్ని ఇరుగుపొరుగుకు వివరించినప్పుడే ఆ చదువు ఊరికి అక్కరకు వస్తుంది, పరీక్షలో జవాబుకూ బలమిస్తుంది. బడులలో పర్యావరణ సంఘాలను నడిపే జాతీయ హరిత దళం ఉద్దేశమూ ఇదే. కనుక పరీక్షల పేరిట ఈ సేవను పూర్తిగా మాన్పించక, వారానికి ఒక్క గంటైనా పిల్లలకు విడిచిపెట్టవలసిందిగా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు విన్నపం.