గ్యాస్ కట్టేశావా, అమ్మా?

రాత్రి తొమ్మిది దాటాక అమ్మకు ఫోన్ చేస్తే నేను అడిగే మొదటి మాట, గ్యాస్ కట్టేశావా అని. అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా అన్నవి ఆ తర్వాత. ఆమె తెనాలిలో, నేను హైదరాబాదులో. నాన్న పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. డెబ్భై దాటిన మనిషి, ఒక వంటగది, గట్టు కింద 14.2 కిలోల సిలిండరు. ఏ కొడుకైనా అడిగే మాటే కదా అనుకుంటూ వచ్చాను. ఎందుకు అడుగుతున్నానో, ఎవరికోసం అడుగుతున్నానో ఆగి చూసుకున్నది మాత్రం ఈ మధ్యనే.

నా భయం ఉత్తిది కాదు. సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన వాయువు, ఒత్తిడికి ద్రవమై ఉంటుంది. బయటికి వచ్చిందంటే గాలికన్నా బరువు కనుక పైకి లేచిపోదు. నేలమీదే పరుచుకుని గట్టు కిందికి, తలుపు సందులోంచి పక్క గదిలోకి పాకుతుంది. గాలిలో దాదాపు 2 శాతం చేరితే చాలు, అంటుకోవడానికి ఒక్క రవ్వ సరిపోతుంది. లైటు స్విచ్ వేసినా ఆ రవ్వ పుట్టొచ్చు. అందుకే వాసన వస్తే లైటు, ఫ్యాను ముట్టుకోవద్దని, రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరిచి బయటికొచ్చి 1906కు ఫోన్ చెయ్యమని చెబుతారు. 1997 సెప్టెంబరు 14 పొద్దున విశాఖపట్నం రిఫైనరీలో ఎల్పీజీ లీకై అంటుకున్నప్పుడు నేను ఆ ఊళ్లోనే చదువుకుంటున్నాను. దాదాపు 60 మంది పోయారు. ఆ పొగ ఊరంతా కనబడింది. చేతిలో ఉన్నది దొరికినట్టు పట్టుకుని జనం పరిగెత్తడం చూశాను. ఆ తర్వాత గ్యాస్ అన్న మాట నాకు మామూలు మాటగా వినపడలేదు.

అమ్మ దగ్గర జరిగింది చిన్నదే. ఒక మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు కరివేపాకు ఇద్దామని వచ్చి, మీద గిన్నె లేకుండా బర్నరు సిమ్‌లో వెలుగుతూ ఉండటం చూసింది. అమ్మ ఆ రోజు వంకాయ కాల్చింది. కాల్చిన వంకాయ పచ్చడి చేసినవాళ్లకు ఆ ఘడియ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. నూనె రాసిన కాయను నేరుగా మంట మీద పెట్టి, కాడ పట్టుకుని తిప్పుతూ, తోలు నల్లబడి లోపల మెత్తబడేదాకా అక్కడే నిలబడాలి. కాలిందనుకున్న మరుక్షణం దించి, చెయ్యి తడిచేసుకుంటూ వేడిమీదే తోలు వలవాలి. ధ్యాసంతా ఇక కాయ మీదే. వెనకాల సన్నగా వెలిగే నీలిమంట పగటి వెలుతురులో కంటికి ఆనదు.

పిన్నిగారు అక్కకు చెప్పింది. అక్క తమ్ముడికీ నాకూ చెప్పింది. ఆ రాత్రి ముగ్గురం ఫోన్లో మాట్లాడుకున్నాం. అమ్మకు మతిమరుపు మొదలైందన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో గుర్తులేదు గాని, ఎవరమూ కాదనలేదు. స్టవ్ తీసేసి ఇండక్షన్ పెడదామన్నాడు తమ్ముడు. క్యారేజీ కుదుర్చుదామంది అక్క. నేను రోజూ రాత్రి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాను. ముగ్గురిలో నాదే మెత్తని మార్గమని, అమ్మ మనసు కష్టపెట్టనిదని లోలోపల తృప్తిగా కూడా అనిపించింది.

మతిమరుపు అని అంత తేలిగ్గా ఎలా అనగలిగామా అని ఇప్పుడు ఆలోచిస్తుంటాను. అసలు పని అయిపోయాక మిగిలే చివరి చిన్న పనిని మనుషులు ఎందుకు మరిచిపోతారన్నది పరిశోధకులు పట్టించుకున్న సంగతే. మైకేల్ బర్న్, సూజన్ బోవెయిర్ అనే ఇద్దరు 1997లో దీనిమీద ఒక పత్రం ప్రచురించారు. జిరాక్స్ తీసుకుని అసలు కాగితాన్ని మెషిన్లోనే వదిలేసి రావడం ఈ కోవలోదే. కావలసింది చేతికి అందగానే మనసు ఆ పనిని ముగిసినట్టు లెక్కగట్టి వదిలేస్తుంది. తలలో వేరే బరువులు ఎక్కువైనకొద్దీ ఈ జారుడు ఎక్కువ. చాలా ఏటీఎంలలో ముందు కార్డు వెనక్కి ఇచ్చి తర్వాత డబ్బు ఇచ్చేది ఇందుకే. డబ్బు ముందిస్తే కార్డు మరిచిపోయి వెళ్లిపోతారు. వంకాయ కాలింది అంటే అమ్మ మనసులో ఆ పని అయిపోయింది. మంట ఆర్పడం వంట తర్వాత మిగిలిన పని. ఇది వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ జరిగేదే. కానీ నలభై ఏళ్లవాడికి జరిగితే పని ఒత్తిడి అంటాం, డెబ్భై దాటిన ఆవిడకు జరిగితే ఆమె చేతిలోంచి గరిటె తీసుకోవడానికి సిద్ధమవుతాం.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమె వంట ముగించడం మొదటిసారి శ్రద్ధగా చూశాను. బర్నర్లు కట్టేసింది. స్టవ్ తుడిచింది, గట్టు తుడిచింది, గుడ్డ పిండి ఆరేసింది. బయటికొచ్చేసింది. కింద సిలిండరు దగ్గర రెగ్యులేటర్ అలాగే ఉంది. రాత్రీ అంతే. గ్యాస్ కట్టేశావా అమ్మా అని ఎదురుగానే అడిగాను. కట్టేశాను నాన్నా అంది. అదే గొంతు, ఫోన్లో రోజూ వినే గొంతు. నేను వంటగదివైపు చూశాను. నా చూపు ఆమె కనిపెట్టింది. కాసేపు ఊరుకుని, వంగలేనురా, వంగితే మళ్లీ లేవలేను అంది.

ఆ వంటగది నేను పుట్టి పెరిగిన ఇంట్లోది. గట్టు కింద అర, దానికో చెక్క తలుపు, లోపల గోడవారన సిలిండరు. రెగ్యులేటర్ కట్టాలంటే తలుపు లాగి, నడుము దాకా వంగి, చీకట్లో తడిమి నాబ్ తిప్పాలి. మోకాళ్లు అరిగిపోయిన మనిషికి అది రోజూ చెయ్యగల పని కాదు. ఆమె మరిచిపోలేదు. తన ఒళ్లు ఎంతవరకు సాగుతుందో చూసుకుని ఆ ఒక్కటీ వదిలేసింది. మరి కట్టేశానని రోజూ ఎందుకు చెబుతున్నావని అడిగాను. కట్టలేదంటే మీరు ముగ్గురూ ఏం చేస్తారో నాకు తెలియదట్రా, స్టవ్ తీసుకుపోతారు అంది.

ఆ జవాబు నన్ను ఇప్పటికీ వదల్లేదు. నా ప్రశ్నకు ఆమె చెప్పగలిగిన జవాబు ఒక్కటే, కట్టేశాను అని. కట్టలేదు అంటే ఆ తర్వాత ఏం చేద్దామన్నది నేను ఎన్నడూ ఆలోచించలేదు. మోకాళ్లు సహకరించట్లేదని చెప్పుకునే చోటు ఆ ప్రశ్నలో లేదు. నేను జాగ్రత్త అనుకున్నది ఆమెకు తనిఖీగా వినపడింది. తనిఖీకి వచ్చినవాడికి మనుషులు ఏం చెబుతారో అదే చెప్పింది. అవునన్న ఆ మాట విని ఫోన్ పెట్టేసి నేను నిశ్చింతగా పడుకునేవాణ్ణి. ఆమె ఇంట్లో మాత్రం రెగ్యులేటర్ తెరిచే ఉండేది.

ఇంకాస్త లోపలికి పోతే చెప్పడానికి నోరు రాని సంగతి ఒకటి తగిలింది. రాని ఫోన్ ఏదో అర్ధరాత్రి వచ్చినట్టు, ఆ ఇంటికి ఏదో జరిగినట్టు అప్పుడప్పుడూ ఊహ వస్తుంది. ఆ ఊహలో దుఃఖంతోపాటు, ఓ మూల ఇంకో మాట కూడా కూర్చుని ఉండేది: నేను రోజూ అడుగుతూనే ఉన్నాను కదా. అక్కతో, తమ్ముడితో, బంధువులతో, నాతో నేను చెప్పుకోవడానికి అట్టేపెట్టుకున్న మాట అది. అంటే నా ఫోన్లలో కొంత ఆమె ప్రాణం కోసం, కొంత రేపు నామీదికి మాట రాకుండా ఉండటం కోసం. ఎంతెంత పాళ్లలో అన్నది నిజాయితీగా తేల్చుకోలేకపోతున్నాను. రెండోది ఉందని మాత్రం తెలిసింది.

ఈ ప్రశ్న నాకు ఎక్కడిదో కూడా గుర్తొచ్చింది. నాన్న మంచం మీద పడుకుని, లైటు తీసేముందు, గ్యాస్ కట్టేశావా అని కేక వేసేవాడు. అమ్మ అప్పటికే చాప మీద నడుము వాల్చి ఉన్నా లేచి వెళ్లి చూసొచ్చేది. ఆయన లేచి వెళ్లడం నేను చూడలేదు. ఆయనా ప్రేమగలవాడే, భయంతోనే అడిగేవాడు. మా ఇంట్లో అడగడం మగవాళ్ల వంతు, వంగడం ఆడవాళ్ల వంతు అయింది. హైదరాబాదులో మా వంటగదిలో రాత్రి ఆ నాబ్ తిప్పేది నా భార్య. ఈ ముక్క రాయడం మొదలుపెట్టాక ఆ పని నేను తీసుకున్నాను. తీసుకున్నాక తెలిసింది, అది ఒక నిమిషం పని కూడా కాదని, కానీ రోజులో చివరి నిమిషమని, ఒళ్లు అలిసి ఉన్నప్పుడు ఆ నిమిషం చాలా బరువని.

ఆ పండక్కి అమ్మ పొయ్యిల గురించి చాలా చెప్పింది. కాపురానికొచ్చినప్పుడు కట్టెల పొయ్యి, తర్వాత వత్తుల స్టవ్, గ్యాస్ రావడానికి ఏళ్లు పట్టింది. ఎంపీ కోటా కూపన్ కోసం నాన్న తిరిగిన తిరుగుళ్లు ఆమెకు ఇంకా గుర్తు. 1999లో దీపం పథకం వచ్చి పొదుపు సంఘాల ఆడవాళ్లకు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, మా అమ్మమ్మ ఊళ్లో తొలిసారి సిలిండరు చూసి భయపడినవాళ్లకు అగ్గిపుల్ల ముందు గీసి తర్వాత నాబ్ తిప్పాలని నేర్పింది ఈమే. కట్టెల పొయ్యిని చూడకపోతే అదే ఆరిపోతుందిరా, దీన్ని చూడకపోతే ఇది వెలుగుతూనే ఉంటుంది అంది. పూరిళ్లు తగలబడిన రోజులూ ఆమె చూసింది కనుక కట్టెలు భద్రమని ఆమె అనలేదు. కానీ ఆ నిప్పును నిలబెట్టడానికే మనిషి కాచుకుని ఉండాలి. గ్యాస్ మంట మనిషి ధ్యాస అడగదు. అంతకన్నా చిక్కు, ఆరిపోయాక కూడా లోపలిది ఆగదు. పాలు పొంగి మంట ఆరితే, గాలికి ఆరితే, తెలియకుండా వస్తూనే ఉంటుంది. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కొన్ని స్టవ్వుల్లో ఉంది. మా అమ్మ స్టవ్‌కు లేదు. కంటికి మంట కనపడకపోవడం, గ్యాస్ ఆగిపోవడం ఒకటి కావన్నది ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఇంత తెలిసిన మనిషిని నేను రోజూ ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను.

అర తలుపు ఊడదీయించాం. సిలిండర్ని మూసిపెట్టిన అరలో ఉంచకూడదని ఎలాగూ చెబుతారు, గాలి ఆడాలి. సిలిండర్ని అంచుకు లాగాం. గట్టు మీద పెడదామా అన్నాడు పనికొచ్చిన కుర్రాడు. అది తప్పు, స్టవ్ ఎప్పుడూ సిలిండరుకన్నా ఎత్తులో ఉండాలి. నారింజరంగు ట్యూబు గడువు దాటిపోయి ఉంటే మార్పించాం, అయిదేళ్లకోసారి మార్చాలది. పక్కన ఒక ముక్కాలిపీట వేశాం. ఆమె దానిమీద కూర్చుని, వంగకుండా, చెయ్యి చాచి నాబ్ తిప్పుతోంది. ఇంతే పని.

ఒకటి మాత్రం పీటతో తీరలేదు. పులుసులో ఇంగువ వేశావా అని ఆమె అక్కను అడిగింది, వంటగదంతా ఇంగువ ఘుమఘుమలాడుతుండగా. ఎల్పీజీకి సొంత వాసన దాదాపు లేదు. మనకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. 1937లో అమెరికాలోని టెక్సస్‌లో, న్యూ లండన్ అనే ఊరి బడిలో వాసన లేని సహజవాయువు లీకై పేలి, 300కు దగ్గరగా పిల్లలూ టీచర్లూ చనిపోయాకనే గ్యాసుకు వాసన కలపాలన్న చట్టాలు గట్టిపడ్డాయి. ఆ హెచ్చరిక అంతా ముక్కును నమ్ముకుని పెట్టింది. వయసుతో ముక్కు మందగిస్తుందని నాకు తెలుసు గాని, అమ్మ ముక్కు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నేలకు ఒక అడుగు ఎత్తులో డిటెక్టర్ పెట్టించాను. ఎల్పీజీ కిందికే దిగుతుంది కనుక అది కిందే ఉండాలి. తమ్ముడి ఫ్లాట్లో పైపు గ్యాసు, అంటే మీథేన్, తేలిక కనుక వాళ్లకు సీలింగు దగ్గర. అది మోగితే ఏం చెయ్యాలో పిన్నిగారికి కూడా చెప్పి వచ్చాను.

తమ్ముడు ఇండక్షన్ మాట ఇంకా వదల్లేదు. వాడి భయమూ నిజమే, కొట్టిపారెయ్యలేను. రాచ్చిప్పలో పులుసు, ఇత్తడి గిన్నెలో అన్నం, మంట మీద కాల్చిన అప్పడం అందులో కుదరవని అమ్మ అంటే వాడికి అవి సాకుల్లా వినపడుతున్నాయి. నాకు అవి ఆమె బతుకు. రేపు నిజంగానే మరుపు రావచ్చు, మోకాళ్లతో సంబంధంలేని మరుపు. అప్పుడు స్టవ్ తియ్యక తప్పదు. ఆ మాట చెప్పాల్సివస్తే తెనాలి వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పాలి. అంతకుముందే ఆమెకు ఎవరు వండుతారో, ఆమెకు నచ్చినట్టు ఎలా వండుతారో తేల్చుకుని వెళ్లాలి. ఈ ఆదివారం అక్క, తమ్ముడు, నేను మళ్లీ ఫోన్లో మాట్లాడుకుంటాం. ఈసారి అమ్మను కూడా కలుపుతున్నాం.