ఏం పని మీద వచ్చినవు?

బిడ్డా,

మొన్న ఆదివారం ఇంటికొచ్చి, ఫోన్ నా చేతిలో పెట్టి, "తాతా, నేను చేసిన మొదటి వెబ్‌సైట్ చూడు" అన్నవు. చేనేత సంఘం వాళ్ల గొల్లభామ చీరల సైట్ అది. తెర మీద బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి జరుగుతున్నయి. రంగులు కండ్లకు ఇంపుగ ఉన్నయి. నా మనుమరాలు సిద్దిపేటలోనే ఉండి ఇంత పని నేర్చుకున్నదని నా మనసు నిండింది. కొంతసేపు చూసి నిన్ను ఒక్క మాట అడిగిన: "దీంట్లోకి వచ్చేటోళ్లు ఏం పని మీద వస్తరు?" నువ్వు తల వంచుకొని, "సంఘం వాళ్లు ఏం పెట్టమంటే అది పెట్టిన తాతా" అన్నవు. నిన్ను తప్పు పట్టాలని అడగలేదు బిడ్డా. ఆ ప్రశ్నతోనే నేను ముప్పై ఏండ్లు బతికిన. ఆ రోజు నోటితో చెప్పలేకపోయినదంతా ఇయ్యాల రాస్తున్న.

తాలూకా కచేరీ ముందట చింతచెట్టు కింద బల్ల వేసుకొని అర్జీలు రాసేటోన్ని. మనిషి వచ్చి కూర్చోంగనే, కలం మూత తీయకముందే అడిగేది ఒక్కటే: "ఏం పని మీద వచ్చినవు?" ఇన్నేండ్లలో "నాకు విరాసత్ దరఖాస్తు రాసియ్యి" అన్నోళ్లు చానా తక్కువ. "నాయిన పోయిండు, భూమి మా అన్నదమ్ముల పేర్ల మీదికి రావాలె" అనేటోళ్లు. "పహాణీ నకలు కావాలె" అనకపోయేది. "బ్యాంకోళ్లు అప్పు ఇయ్యాలంటే భూమి కాయితం తెమ్మన్నరు" అనేటోళ్లు. మనిషి తన అవసరంతోని వస్తడు, తన మాటల్లోనే చెప్తడు. కచేరీకేమో కచేరీ మాటలుంటయి. ఆ రెంటి నడుమ నా బల్ల ఉండేది. వాళ్లు నాకు డబ్బులిచ్చింది అక్షరాలకు కాదు, ఈ మాటను ఆ మాటలోకి మార్చినందుకు.

ఇయ్యాల ఆ బల్ల జాగాలో నువ్వు చేసే పేజీ ఉన్నది. నాకైతే ఎదుటి మనిషి ముఖం కనపడేది. అర్థం కాకపోతే మళ్ల అడిగేటోన్ని. నీకు ఆ ముఖం కనపడదు. అందుకే ఆ ప్రశ్న నువ్వు ముందే అడిగి, జవాబు తెలుసుకొని, అప్పుడు పేజీ మొదలుపెట్టాలె.

మన దగ్గరి సంగతే చూడు. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయ్యేదాకా మన కలెక్టరాఫీసు సంగారెడ్డిలో ఉండేది. చిన్న కాయితం కోసం కూడ బస్సు కిరాయి, ఒక రోజు కూలి పోయేవి. జిల్లా దగ్గరికొచ్చింది. ఆ తర్వాత కచేరీ ఫోన్‌లోకే వచ్చింది. అయితే అరచేతిలో ఉన్న కచేరీకి తలుపు ఎటున్నదో తెలవకపోతే, అది సంగారెడ్డి కంటె దూరమే. 2020 అక్టోబర్ 29న భూముల రికార్డుల పోర్టల్ ధరణి మొదలైనంక ఊర్లల్లో రైతులు "టీఎం 33" అనే మాట నేర్చుకోవలసి వచ్చింది. పాస్‌బుక్కులో పడిన తప్పులు దిద్దించుకునే మాడ్యూల్ అది. ముప్పైకి పైగా మాడ్యూళ్లుంటే, తన బాధ ఏ మాడ్యూల్ కిందికి వస్తదో రైతే తేల్చుకోవలసి వచ్చేది. తన భూమి అర ఎకరం తక్కువ పడిందని ఎరిగిన మనిషికి, ఆ బాధకు సర్కారు పెట్టిన నంబరు ఎట్ల తెలుస్తది? 2025 ఏప్రిల్ 14న దాని జాగాలో భూభారతి వచ్చినప్పుడు ఆ మాడ్యూళ్లను బాగ తగ్గించిండ్రు. తగ్గించుడు మంచిదే. దాంతోపాటు మొదటి పేజీలోనే "మా నాయిన చనిపోయిండు", "నా పేరు తప్పు పడ్డది", "భూమి తక్కువ చూపిస్తున్నది" అని రైతు మాటల్లోనే దారులు ఉండాలె. ఏ మాట నొక్కితే ఏ మాడ్యూల్ తెరవాలెనో కంప్యూటర్‌కు నేర్పవచ్చు. ఆ భారం రైతు మీద వేయొద్దు.

ఇగ నీ చీరల సైట్‌కు వద్దాం. మొదట అధ్యక్షుల వారి సందేశం, వెనుక సంఘం చరిత్ర, సన్మానాల ఫోటోలు, చివరికి చీరలు. దాంట్లోకి వచ్చేది ఎవరు? బిడ్డ పెండ్లికి చీర తీసుకుందామనుకునే హైదరాబాద్ తల్లి. అమెరికాలో బతుకమ్మకు కట్టుకుందామనుకునే మన ఆడబిడ్డ. పది చీరలు ఒక్కసారి కొందామనుకునే దుకాణదారు. వాళ్లు అడిగేవి రాసుకో: ధర ఎంత? మగ్గం మీద నేసిందేనా, అచ్చు వేసిందా? ఇదే చీర ఆకుపచ్చ రంగులో ఉన్నదా? ఎన్ని రోజులకు చేరుతది? ఎట్ల ఉతకాలె? ఎవరికి ఫోన్ చేయాలె? సిద్దిపేట గొల్లభామకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాటను చరిత్ర పేజీలో దాచిపెడితే ఎవరికీ అక్కరకు రాదు. తలమీద కుండ పెట్టుకున్న భామ బొమ్మ నేతలోనే వస్తది కనుక, చీరను తిప్పి వెనుకవైపు ఫోటో కూడ పెట్టు. అసలుదేదో కొనేటామెకే తెలుస్తది. నేసినోళ్లకు కూలి కూడ దాని నుంచే వస్తది.

ఒకే మనిషికి కూడ వేళను బట్టి అవసరం మారుతది. రేపు నీకు కొమురవెల్లి మల్లన్న జాతర పేజీ చేసే పని దొరికిందనుకో. సంక్రాంతి తర్వాత ఆదివారం పట్నం వారంతో మొదలై, ఉగాది దాకా ప్రతి ఆదివారం జనం వస్తరు. వారం ముందు ఇంట్లో కూర్చున్నోళ్లకు కావాల్సింది గది, మల్లన్నకు ముగ్గుల పట్నం వేయించే రుసుము, బస్సు వేళలు. జాతర నాడు గుట్ట కింద నిలబడ్డోళ్లకు కావాల్సింది దర్శనం వరుస ఎటు, నీళ్లు ఎక్కడ, తప్పిపోయిన పిల్లగాని కోసం ఎవరిని అడగాలె. అప్పుడు ఫోన్‌కు సిగ్నల్ సరిగ ఉండదు, చేతిలో బోనం ఉంటది, ఎండ తెర మీద పడుతది. అక్షరాలు పెద్దగ, బొమ్మలు తక్కువగ, ఫోన్ నంబరు నొక్కంగనే కలిసేటట్టు ఉండాలె.

వచ్చేటోళ్ల అవసరం చూసి పని చేసే ఈ విద్య మన జాగకు కొత్తది కాదు. మన జిల్లాలోనే ఉన్న చేర్యాల నకాషీ పటాలు చూడు. ఖాదీ బట్టకు గంజి, సుద్ద మట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేసి, పొడుగాటి పటం తయారు చేస్తరు. నువ్వు వేలుతో తెరను పైకి జరిపినట్టే, కథ చెప్పేటాయన ఆ పటాన్ని ఒక్కొక్క గడి విప్పుకుంట పోతడు. పద్మశాలీల ముందు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్పాలంటే పటం దానికి తగ్గట్టు ఉండాలె. వేరే కులానికి వేరే పటం. దూరంగ నేల మీద కూర్చున్నోళ్లకు కూడ కనపడాలని బొమ్మలు పెద్దగ, రంగులు నిండుగ వేస్తరు. ఒక గడిలో ఒక ఘట్టమే ఉంటది, కలగలపరు. నకాషీ పనివాళ్లు ముందు చూసేటోళ్లను తలుచుకొని, ఆ తర్వాత కుంచె పట్టిండ్రు. నువ్వు వాళ్ల జిల్లా బిడ్డవు.

కొన్ని చిన్న సంగతులు చెప్తా. చిన్నవి కదా అని వదలొద్దు. మనిషి ఆగిపోయేది వాటి దగ్గరనే.

మన అక్షరానికి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. ఎడం పెంచు, అక్షరం కొంచెం పెద్దగ పెట్టు. యూనికోడ్ తెలుగే వాడు. పాత అను ఫాంట్‌తో కొట్టిన కాయితాన్ని అట్లనే తెచ్చి పెడితే వెతికినా దొరకదు. తెలుగు ప్రకటనను ఫోటో తీసి పెట్టుడు ఇంకా తప్పు: చూపు లేని వాళ్లకు ఫోన్‌లో టాక్‌బ్యాక్ చదివి వినిపించేది రాతను, ఫోటో దగ్గర వాళ్లకు సంగతి అందదు.

మనం ఇంటిపేరు ముందు రాసుకునేటోళ్లం. "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" అని రెండు గడులు పెడితే, బీడీలు చేసే అక్క ఇంటిపేరు దేంట్లో రాయాలె? ఆధార్‌లో ఒక తీరు, పీఎఫ్‌లో ఇంకో తీరు పడితే, ఆమె చెమట పైసలు ఆమెకు రాకుండ ఆగుతయి. "ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు" అని ఒక్క గడి పెట్టు. ఏమేం కాయితాలు కావాలెనో మొదటనే చెప్పు. అయిదో పేజీలో చెప్తే, అప్పటిదాకా రాసిందంతా దండుగ అయితది. ఓటీపీ దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు పోయే ఇండ్లు మన ఊర్లల్లో ఎన్నో. అది వచ్చేదాకా తల్లి రాసింది చెరిగిపోకుండ దాచు. ఫోటో 50 కేబీలే ఉండాలని గద్దించకు; తగ్గించే పని కంప్యూటర్‌తోనే చేయించు. తప్పు పడితే "ఇన్‌వాలిడ్" అని ఎర్రగ రాయకు. "ఆధార్ నంబర్‌కు 12 అంకెలుంటయి, మీరు 11 వేసిండ్రు" అని మర్యాదగ చెప్పు. కచేరీలో ఎవరన్న కసురుకుంటే మనసెంత నొచ్చుకుంటదో నేను ముఖాల మీద చూసిన. పేజీ కసురుకున్నా అంతే నొచ్చుకుంటది.

ఇట్ల అందరికి అందేటట్టు చేసుడు దయ కాదు బిడ్డా, వాళ్ల హక్కు. బ్యాంకు పనికి కెమెరా ముందు కనురెప్ప కొట్టి చూపించమనే కేవైసీ పెట్టిండ్రు. యాసిడ్ దాడిలో కండ్లు పోయినోళ్లు, చూపు లేనోళ్లు రెప్ప ఎట్ల కొడుతరు? వాళ్లు సుప్రీంకోర్టుకు పోయిండ్రు. డిజిటల్ సేవలు అందుకునుడు రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. ఆ పరీక్ష పెట్టినోళ్లలో ఒక్కరన్న చూపు లేని మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని చూసి ఉంటే, బాధితులు కోర్టు మెట్లు ఎక్కే అవసరమే రాకపోయేది.

అందుకే పేజీ తయారైనంక మనుషుల చేతికియ్యి. ఈ విద్యలో పేరున్న జాకబ్ నీల్సన్ 2000లోనే రాసిండు: అయిదుగురితో వాడించి చూస్తే చానా వరకు లోపాలు బయటపడతయని. అయిదుగురు సిద్దిపేటలో దొరకరా? మార్కెట్ యార్డుకు వడ్లు తెచ్చిన రైతు, దుబ్బాక దిక్కు బీడీలు చేసే అక్క, డిగ్రీ చదివే పిల్ల, గల్ఫ్ నుంచి వచ్చిన తమ్ముడు, చూపు తక్కువైన నా ఈడు మనిషి. చేతికి ఫోన్ ఇచ్చి ఒక పని చెప్పు. ఆ తర్వాత నోరు విప్పకు, వేలుతో చూపించకు. వాళ్లు ఎక్కడ ఆగిండ్రో, ఎక్కడ వెనుకకు పోయిండ్రో రాసుకో. "మాకు తెలవదు బిడ్డా, చదువుకోలేదు" అని వాళ్లంటే నమ్మకు. తప్పు వాళ్లది కాదు, పేజీది.

పని ఇచ్చినోళ్లు "నా ఫోటో పైన పెట్టు" అంటరని నీ భయం. పెద్దల మాట తీసిపారేయొద్దు. వాళ్లు కష్టపడి కట్టిన సంఘం, వాళ్ల గౌరవం న్యాయమైనదే. దానికి "మా సంఘం" అని మంచి పేజీ చేసియ్యి. మొదటి పేజీ మాత్రం వచ్చేటోళ్లది. వాదించకు, కొనేటామె ధర వెతుకుతుంటే అధ్యక్షుల వారిని పక్కన కూర్చోబెట్టు. ధర దొరకక ఆమె ఫోన్ కింద పెట్టేసినప్పుడు ఆయనకే అర్థమైతది. బ్రిటన్ సర్కారు 2012లో తన శాఖల సైట్లను ఒక్కచోటికి తెచ్చినప్పుడు పెట్టుకున్న మొదటి నియమం కూడ ఇదే: సర్కారు అవసరం కాదు, వచ్చే మనిషి అవసరంతోనే మొదలుపెట్టాలె.

2023లో సిద్దిపేట నాగులబండ కాడ ఐటీ టవర్ తెరిచినప్పుడు, మన పిల్లలు ఊరు విడువకుండ ఈ పని చేసుకుంటరని సంబురపడ్డ. ఊర్లో ఉన్నందుకు నీకు దొరికే మేలు ఇదే: నీ పేజీ వాడే మనిషి నీకు పది అడుగుల దూరంలో ఉన్నడు. పెద్ద పట్నంలో అద్దాల మేడలో కూర్చున్నోళ్లకు ఆ భాగ్యం లేదు.

సోమవారం కంప్యూటర్ తెరవకముందు పాత బస్టాండు కాడ ఒక గంట కూర్చో. నలుగురిని పలకరించు. "ఏం పని మీద వచ్చినవు?" అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో. ఆ కాయితం పక్కన పెట్టుకొని, చీరల సైట్ మొదటి పేజీ మళ్ల రాయి బిడ్డా.