దాటడానికి ఎన్ని పేర్లు!

నియమం తప్పడానికి తెలుగులో మాటలకేం కొదవ! ఉల్లంఘన, అతిక్రమణ, ధిక్కారం, హద్దు మీరడం, బరితెగించడం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత నిఘంటువుల్లో ఇవి దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. వాడుకలోకి వచ్చేసరికి వాటి మధ్య ఎంత ఎడం!

'లంఘనం' అంటే దూకడం. హనుమంతుడు సముద్రం దూకితే అది స్తోత్రమైంది. సీత గీత దాటితే ఇప్పటికీ ఆడపిల్లలకు హెచ్చరికే. నిజానికి వాల్మీకి రామాయణంలో ఆ గీతే లేదు. తర్వాతి కథలు గీశాయి. 1927 నాటి చలం 'మైదానం'లో రాజేశ్వరి ఇల్లు విడిచి వెళ్ళింది. లోకం దానికి పెట్టే పేరు 'లేచిపోవడం'. లేచి, నడిచి వెళ్ళడం ఆడదాని విషయంలోనే తిట్టు ఎందుకయింది?

ఆబిడ్స్‌కి దగ్గర్లోనే నాంపల్లి క్రిమినల్ కోర్టులు. చట్టం భాషలో ఉల్లంఘనకు ఇంకో ముఖం ఉంది. 2005 గృహహింస చట్టం 31వ సెక్షన్ ప్రకారం రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినవాడికి ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొట్టే చేతికి అడ్డంగా గీసిన గీత అది. ఆ దెబ్బలు తప్పించుకుని గడప దాటిన ఆమెను మాత్రం వీధి 'బరితెగించింది' అంటుంది.

రెండూ దాటడాలే. ఒకటి ఇంకొకరి ప్రాణం మీదికి పోవడం, ఇంకొకటి తన ప్రాణం దక్కించుకోవడం. ఆ గీత ఎవరు గీశారు, ఎవరిని కాపాడడానికి అని అడగకుండా మాట ఎంచుకున్నామా, విచారణ లేకుండానే తీర్పు చెప్పేసినట్టే.