పట్టాను వంచుట

ఒకనిని మన దారికి వంచుట ఎంతవరకు న్యాయము? తండ్రులకును, ఉపాధ్యాయులకును, సంఘ పెద్దలకును ఈ ప్రశ్న తప్పదు. ఒక బొమ్మ రైలు దీనిని నాకు మరల జ్ఞాపకము చేసినది.

ఇంగ్లండులో పనిచేయుచున్న నా మేనల్లుడు సెలవులకు వచ్చుచు బొమ్మ రైలు పట్టాలు తెచ్చెను. ఇది పిల్లల ఆట అనుకొనవద్దు. ఆ దేశములో తల నెరసినవారు సహితము దీనిలో మునిగియుందురు. రెండు పట్టాల నడుమ ఎడము 16.5 మిల్లీమీటర్లు. ఒక్కొక్క ముక్క పొడవు 914 మిల్లీమీటర్లు, అనగా ఒక గజము. పట్టాలు ప్లాస్టిక్ స్లీపర్లలో బిగిసియుండక, జారునట్లు అమర్చబడియుండును. అందుచేతనే అవి వంగును.

మా భోజనపు బల్ల చిన్నది గనుక మలుపు బిగువుగా రావలెను. "నేను వంచెదను" అని ముక్క రెండు కొనలను గట్టిగా పట్టుకొని ఒక్కసారిగా వంచితిని. నడుమ మడత పడెను. తిరిగి సాపు చేయబోయితిని గాని ఆ మడత పోలేదు.

"మామయ్యా, కొనలు అలా పట్టుకుంటే ఎలా? లోపలి పట్టా జారడానికి చోటివ్వాలి" అన్నాడు వాడు.

లెక్క ప్రకారము అది నిజమే. మలుపులో లోపలి దారి పొట్టిది. పావు చుట్టు తిరుగునప్పటికి లోపలి పట్టా సుమారు 26 మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొని వచ్చును. దానిని రానిచ్చి, పిమ్మట కోసి, ఆకురాయితో నునుపు చేయవలెను. వాడు వేరొక ముక్క తీసికొని, బల్లపై గీత గీసి, వ్రేళ్లతో కొంచెము కొంచెముగా ఒత్తుచు గీతకు తెచ్చెను. మలుపులో అతుకు రావలసియున్నచో, రెండు ముక్కలను తిన్నగా నున్నప్పుడే టంకము వేసి కలిపి, తరువాత వంచవలెనట. వంచిన పిదప కలుపబోయినచో కొనలు వెనుకకు లాగుకొని అతుకు వద్ద మలుపు చెడును. పెండ్లిండ్లు కుదుర్చువారు ఈ మాట ఆలోచింపవలెను.

వంచుటయే తప్పని నేననను. వంపు లేని పట్టా బల్ల అంచు దాటించి రైలును నేలపాలు చేయును. అయితే ఆ బిగువు ఎక్కడనుండి వచ్చినది? అది పట్టా లోపము కాదు, బల్ల చిన్నది. ఇరుకు మనదైనప్పుడు వంగవలసినవాడు ఎదుటివాడొక్కడేనా?

1881లో డార్జిలింగు వరకు రైలు వేసినవారు కొండ మలుపులకు పట్టాను వంచి ఊరకుండలేదు. పట్టాల ఎడమును రెండు అడుగులకు తగ్గించిరి. బండ్లను చిన్నవిగా చేసిరి. అక్కడ పేరుపొందిన ఇంజనులకు నాలుగే చక్రములు. మా బల్లమీద నిడుపైన పెట్టె ఆ మలుపు తిరుగునప్పుడు, దాని కొన వెలుపలికి తొలగి ప్రక్కనున్న బొమ్మ స్తంభమును పడగొట్టెను. మేనల్లుడు దానిని తీసి పొట్టి పెట్టెలు తగిలించెను. అవి చక్కగా తిరిగెను.

మా పెద్దవాడు ఏ చదువు చదువవలెనో నేనే నిర్ణయించి, వాని రెండు కొనలు పట్టుకొని వంచితిని. రెండేండ్లుగా వాడు ఫోనులో తల్లితో మాత్రమే మాటలాడును. ఆ చదువులో తప్పు లేదు. మా యింటి స్థితికి అంతకంటె మంచిది లేదని అప్పుడనుకొంటిని, ఇప్పుడును అనుకొనుచున్నాను. కాని వానికి జారుటకు ఎంత చోటిచ్చితిని? వాడు మలుపు తిరుగుటకై నా కోరికలలో ఎన్ని పెట్టెలు విప్పితిని?

మడతపడిన ఆ ముక్కను మేనల్లుడు పారవేయబోగా నేను అడిగి ఉంచుకొంటిని. ఈ ఆదివారము సాయంకాలము వాని తల్లి ఫోను చేయునప్పుడు నేనును ప్రక్కన కూర్చుండదలచితిని.